కనుమలో కూర్చున్నవాడి కంబళి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, తీరిగ్గా చదవండి. మీ ఇంట్లో ఎనభై దాటిన తాతో అవ్వో ఉంటే వాళ్ళకూ చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్ళే దిద్దగలరు.

సంగతి పోయిన నెల మీటింగులో మొదలైంది. కనుమ పండగనాటి పారువేటకు ఈసారి మన పిల్లలు 40 మందికి ఒకే రకం పైబట్ట ఇద్దామని అనుకున్నాం కదా. ఒక తమ్ముడు బెంగళూరు నుంచి నమూనా తెచ్చాడు. ఆకులూ కొమ్మలూ అచ్చు వేసిన నైలాన్ జర్కిన్. తేలిక, గాలి దూరదు, ధర కూడా మనకు అందేదే. అందరూ సరే అనబోతుంటే వెనక కూర్చున్న ఒక తాత దాన్ని అడిగి తీసుకొని, చెయ్యి భాగాన్ని చెవి దగ్గర పెట్టుకొని రెండుసార్లు నలిపాడు. కరకరమంది. "ఏమప్పా, దీన్ని తొడుక్కొని కనుమలో కూర్చుంటే కుందేలు మాట అట్లుంచు, వంకకు ఆ పక్క మేసే ఎద్దు గూడా తలెత్తి చూస్తాది" అన్నాడు. మీటింగంతా నవ్వింది. నవ్వు అయిపోయాక ఒక పిల్లవాడు అడిగాడు: "మరి మీరేం వేసుకొని పోయేవాళ్ళు తాతా?"

ఆ ప్రశ్నకు జవాబు రెండు సాయంత్రాలు పట్టింది. తాత చెప్పిందీ, మిగతా ఊళ్ళలో మేము అడిగి తెలుసుకున్నదీ, పుస్తకాల్లో చదివిందీ కలిపి ఇక్కడ పెడుతున్నాం.

ముందే ఒక మాట. ఇప్పుడు వేట లేదు. మైసూరు సంస్థానంలో 1901లోనే వేటకు, చేపలు పట్టడానికి కట్టుబాట్లు పెట్టారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కుందేలైనా కౌజుపిట్టైనా పట్టడం నేరం. మన పారువేటలో దేవుడు పల్లకిలో అడవి దాకా పోతాడు, బాణం వేస్తారు, తిరిగొస్తారు. ఏ జీవికీ ముల్లు కూడా గుచ్చుకోదు. తిరుమలలో కనుమనాడు చేసే పారువేటా, అహోబిలంలో నెలకు పైగా ఊరూరా తిరిగే పారువేటా ఇలాంటివే. ఇది చదివి ఎవరైనా ఉచ్చులు వెతకడం మొదలుపెడితే సంఘం వాళ్ళ వైపు నిలబడదు, ఇప్పుడే చెబుతున్నాం.

ఇక గాలి సంగతి. నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు. దాని పక్కన స్కందగిరి, చింతామణి వైపు అంబాజీదుర్గ, రహమాన్‌గఢ్, బాగేపల్లి దాకా గుట్టల మీద గుట్టలు. రెండు గుట్టల నడుమ సందునే మనం కనుమ అంటాం. పుష్య మాసంలో తెల్లవారుజామున ఆ సందుల్లో వీచే గాలి ఎట్లుంటుందో మీకు చెప్పనక్కరలేదు. వేటలో మనుషులు రెండు గుంపులు. తోలేవాళ్ళు కేకలు వేస్తూ, డప్పు కొడుతూ, కుక్కలతో గుట్ట మొత్తం ఎక్కి దిగుతారు. మాటు కాసేవాళ్ళు వల కట్టుకొని, ఈటె పట్టుకొని కనుమలో కదలకుండా కూర్చుంటారు. జంతువుకు మనిషి వాసన తగలకూడదు కాబట్టి గాలి జంతువు వైపు నుంచి మన మీదికి రావాలి. తాత వాళ్ళు కూర్చునే ముందు గుప్పెడు మట్టి పైనుంచి వదిలి అది ఎటు కొట్టుకుపోతుందో చూసేవాళ్ళట. దుమ్ము ముఖాన పడితే అదే సరైన చోటు.

అంటే మాటు కాసేవాడు చలిగాలికి ఎదురుగా కూర్చోక తప్పదు. బండ చాటుకు పోతే గాలి తప్పుతుంది, వేట కూడా తప్పుతుంది. పైగా వాడు ఆ కనుమ దాకా గంటో రెండు గంటలో గుట్ట ఎక్కి వచ్చి ఉంటాడు, ఒళ్ళంతా చెమట. చెమట మీద ఎదురుగాలి. కదలకూడదు, దగ్గకూడదు, పళ్ళు కొట్టుకున్నా చప్పుడే. కాబట్టి వాడి ఒంటిమీద బట్ట మూడు పనులు ఒకేసారి చెయ్యాలి. గాలిని ఆపాలి, చెమటను బయటికి పోనివ్వాలి, నోరు మూసుకొని ఉండాలి. ఈ మూడూ కలిసిన బట్ట కోసం ఇప్పటికీ దేశదేశాల కంపెనీలు తంటాలు పడుతున్నాయి. మన వాళ్ళకు అది కంబళి రూపంలో దొరికింది.

వేట ఈ సీమకు కొత్తది కాదు. చిక్కబళ్ళాపురం పుట్టుకే వేటతో ముడిపడి ఉంది. ఆవతి మల్లబైరేగౌడ కొడుకు మరిగౌడ కోడిమంచనహళ్ళి అడవిలో వేటాడుతుంటే ఒక కుందేలు వేటకుక్కలకు ఎదురు తిరిగి నిలబడిందట. ఈ మట్టిలో ఏదో పౌరుషం ఉందనుకొని విజయనగర రాజు అనుమతి తీసుకొని అక్కడే కోట కట్టించారని చెబుతారు. ఇలాంటి కుందేలు కథలు మన దేశంలో చాలా కోటలకు ఉన్నాయి, అది వేరే సంగతి. మనకు ముఖ్యం ఏమంటే, ఊరి కథ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు జనం మొదట వేటనే తలుచుకున్నారు. ఆ పాళెగాళ్ళ వంశం 1762లో హైదరలీ చేతిలో ఓడింది. కోటలు పోయాయి, కుందేలు కథ మిగిలింది.

ఇంకా పాతది కావాలంటే మండ్య జిల్లా ఆతకూరు శాసనం ఉంది, పదో శతాబ్దం నడిమి కాలానిది. అడవిపందితో పోరాడి చచ్చిన ఒక కుక్క కోసం రాయి నిలబెట్టారు. కుక్క పేరు కాళి. వెయ్యేళ్ళు దాటినా ఆ కుక్క పేరు మనకు తెలుసు. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో రాజుల వినోదాల్లో వేట కూడా ఒకటి. మన బాగేపల్లికి సరిహద్దు అవతలే ఉన్న లేపాక్షిలో చూస్తే, అడవిపంది కోసం శివుడు కిరాతుడై అర్జునుడితో తలపడే కథ గుడి పైకప్పు మీద బొమ్మలుగా ఉంది. ఆ బొమ్మల్లో చీరల అంచులు, పంచెల అంచులు చూసి ఇవాళ్టికీ నేతగాళ్ళు నమూనాలు రాసుకుపోతుంటారు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి వేట సంగతి అందరికీ తెలిసిందే.

ఇన్ని ఉన్నా, తెల్లవారుజామున కనుమలో మాటు కాసినవాడి ఒంటిమీద ఏముందో ఎక్కడా కనబడదు. కారణం కూడా ఉంది. ఈటె ఇనుము, రాయి రాయే, కంబళి మాత్రం చిమటలు తింటే పోతుంది. పైగా రాజు వేటను రాసినవాళ్ళు రాజును చూశారు, తోలేవాణ్ణి చూడలేదు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాల పుస్తకంలో బోయల గురించి రాస్తూ ఊరు బోయలు, మ్యాస బోయలు అని విడదీసి చాలా సంగతులు పెట్టాడు. మన సంఘంలో దాన్ని చదివినవాళ్ళు ఉన్నారు. కొలిచినవీ లెక్కపెట్టినవీ ఉన్నాయి గానీ చలికి ఒక మనిషి ఏం కప్పుకున్నాడన్నది మనమే మన పెద్దల నోటి నుంచి వినాలి.

తాత చెప్పింది ఇది. ఎక్కేటప్పుడు కంబళి కప్పుకోరు. ముతక నూలు పంచె ఎగగట్టి, తలకు రుమాలు చుట్టి, కంబళిని మడిచి భుజాన వేసుకొని పోతారు. ఒంటి మీద చొక్కా ఉండేది కాదు, ఉన్నా విప్పి నడుముకు కట్టుకునేవాళ్ళు. చెమట గాలికి ఆరిపోవాలి. కనుమ చేరాక, ఒళ్ళు చల్లబడక ముందే, కంబళిని కొప్పె వేసుకుంటారు. కొప్పె అంటే మన పిల్లలకు తెలియకపోవచ్చు. కంబళి ఒక మూలను లోపలికి మడిచి టోపీలాగా చేసి తలమీద పెట్టుకుంటే మిగిలిందంతా వెనకా పక్కలా దిగుతుంది. గొర్రెలు కాసేవాళ్ళు వానలో వేసుకునేదే. మెడ వెనక నుంచి గాలి దూరదు, చేతులు ముందు ఖాళీగా ఉంటాయి, ఈటె ఎత్తాలంటే భుజం కదిలిస్తే చాలు.

"ఒళ్ళు చల్లబడక ముందే" అన్న మాటను తాత మూడుసార్లు అన్నాడు. కిటుకంతా అక్కడే ఉంది. నూలుబట్ట చెమటకు తడిస్తే ఒంటికి అతుక్కొని చలిని లోపలికి లాగుతుంది. ఉన్ని అట్లా కాదు. తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిసినట్టు తెలియదు, పైగా తేమ పీల్చేటప్పుడు కొంచెం వెచ్చదనం కూడా ఇస్తుంది. పోగు నిలువుగా ఉండదు, వంకర్లు తిరిగి ఉంటుంది, ఆ వంకర్ల నడుమ గాలి నిలిచిపోతుంది. బయటి గాలి ఒక్కసారిగా దూరలేదు, లోపలి ఆవిరి మెల్లగా పోతూనే ఉంటుంది. చప్పుడు సంగతికొస్తే, రేగు కంప తగిలినా బలుసు కొమ్మ తగిలినా ఉన్ని పోగు వంగిపోతుందే గానీ గీసుకోదు. నైలాన్ నున్నటి రేకు లాంటిది, ముల్లు తగిలితే గీత శబ్దం చేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కొత్త కంబళి పనికిరాదు. నేసేటప్పుడు నిలువు పోగులకు చింతగింజల గంజి పెడతారు, అందుకని కొత్తది అట్టలా బిర్రుగా ఉంటుంది, మడిస్తే చప్పుడు చేస్తుంది. నాలుగు వానలు తడిసి, నాలుగు ఎండలు ఎండి, ఒంటికి రాసుకొని రాసుకొని గంజి పోయాక పోగులు దగ్గరపడతాయి. అప్పుడది మెత్తబడుతుంది, గాలికి మరింత అడ్డం కూడా అవుతుంది. అందుకే మన ఇళ్ళలో వేటకు తండ్రి కంబళినే కొడుకు తీసుకుపోయేవాడు. కొత్తది మంచం మీదికి, పెళ్ళిలో పెద్దమనుషుల కిందికి. ఇంకో మాట కూడా చెప్పారు. పాత కంబళికి గొర్రె వాసన ఉంటుంది. ఆ గుట్టల్లో రోజూ మందలు మేస్తాయి కాబట్టి ఆ వాసనకు కుందేలు బెదరదట. ఇది ఎంతవరకు నిజమో కుందేలే చెప్పాలి గానీ, అడిగిన ప్రతి ఊళ్ళో పెద్దలు ఇదే అన్నారు.

కంబళిని ఆకాశానికి ఎత్తడానికి ఇది రాయడం లేదు. 2, 3 కిలోల బరువు. వాన గట్టిగా పడితే ఇంకా బరువు. పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు పట్టుకుంటే ఏరడానికి ఒక పూట. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అని ఊరికే అనలేదు. మెడ దగ్గర దురద. దాన్ని కప్పుకొని పరుగెత్తలేం. తోలేవాళ్ళు దాన్ని ఊళ్ళోనే వదిలేసి పోయేవాళ్ళు, లేదా కనుమలో కూర్చునేవాడి దగ్గర పెట్టి పోయేవాళ్ళు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. కంబళి మనది కాదు, కురుబలది. గొర్రె వాళ్ళది, ఏడాదికి రెండుసార్లు కత్తిరించింది వాళ్ళు, విల్లుతో ఉన్ని ఏకి, ఆడవాళ్ళు నూలు వడికి, గుంట మగ్గం మీద పట్టీలు నేసి కలిపి కుట్టింది వాళ్ళు. మన పెద్దలు రాగులిచ్చో, వేటలో వాటా ఇచ్చో తెచ్చుకున్నారు. పొలం కాడ, అడవి అంచున కురుబ మందా మన కావలీ పక్కపక్కనే ఉండేవి. మనం వేట గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ ఒక్క మాట మరిచిపోతుంటాం. ఈసారి వేదిక మీద మాట్లాడేవాళ్ళు మరవవద్దని మనవి.

బయటి దేశాల్లోనూ కథ ఇట్లాగే నడిచింది. ఆల్ప్స్ కొండల్లో టైరోల్ వైపు వేటగాళ్ళు లోడెన్ అనే ఉన్ని బట్ట కట్టేవాళ్ళు. నేశాక నీళ్ళలో మర్దించి దగ్గరపరిచిన ఉన్ని అది, గాలి దూరదు, చప్పుడు చెయ్యదు. మన పాత కంబళికి దగ్గరి చుట్టమే. ఇంగ్లండులో 1879లో బర్బరీ గాబర్డిన్ చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి, సముద్రంలో పడిన విమానం పైలట్లు చలికి చావకుండా వెంటైల్ అనే ఒత్తు నూలుబట్ట వచ్చింది. అది తడిస్తే ఉబ్బి నీటిని ఆపుతుంది, పొడిగా ఉంటే చెమటను వదులుతుంది. శబ్దం చెయ్యదని యుద్ధం తర్వాత వేటగాళ్ళూ పక్షుల్ని చూసేవాళ్ళూ దాన్ని ఇష్టపడ్డారు. 1969లో గోర్‌టెక్స్ పుట్టింది. గాలినీ నీటినీ ఆపుతుంది, ఆవిరిని వదులుతుంది, కానీ చాలా జాకెట్లు నడుస్తుంటే సరసరమంటాయి. ఆ తర్వాత వచ్చిన ఫ్లీస్ మెత్తన, చప్పుడు లేదు, గాలి మాత్రం జల్లెడలోంచి పోయినట్టు పోతుంది. ఒకటి కుదిరితే ఒకటి కుదరదు.

మన దగ్గర ఈ కంబళి ఎట్లా పోయింది? వేట చట్టం వల్ల మాత్రమే కాదు. మాంసానికి మంచి ధర వచ్చేకొద్దీ నల్ల ఉన్ని గొర్రె బదులు నెల్లూరు రకం గొర్రె పెంచడం లాభమైంది. దానికి బొచ్చు ఉంటుంది గానీ కత్తిరించే ఉన్ని ఉండదు. ఉన్ని ఉన్న గొర్రెకు కూడా కత్తిరింపు కూలి రానంత ధర. పానిపట్టు నుంచి పాత బట్టల నూలుతో చేసిన చవక దుప్పట్లు వచ్చాయి. వాటి వెనకే జర్కిన్ వచ్చింది. మోటారు సైకిలు మీద పోయేవాడికి అదే సరైనది, దాన్ని తప్పు పట్టలేం. బండి మీద చెమట పట్టదు, చప్పుడు అక్కరలేదు.

వేట హక్కు పోవడం మాత్రం మన జాతికి చిన్న గాయం కాదు. 1857లో ఆయుధాలు అప్పగించాలన్న హుకుం మీద హలగలి బేడరులు తిరగబడ్డారు, చాలామందిని ఉరితీశారు. ఈటె, తుపాకి వాళ్ళకు బతుకుతెరువే కాదు, తలెత్తుకు తిరిగే గుర్తు కూడా. ఇక్కడ మనల్ని 1991లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు, సరిహద్దు దాటితే అనంతపురం వైపు మన బంధువులే వెనకబడిన తరగతి. అత్తగారింట్లో ఒక సర్టిఫికెట్, పుట్టింట్లో ఒకటి. వేట కథలు మాత్రం రెండువైపులా ఒకటే. అవి తెలిసిన తరం వెళ్ళిపోతోంది. మీటింగులో జర్కిన్ నలిపిన తాతకు కొప్పె ఎట్లా వేయాలో తెలుసు. ఆ రోజు హాల్లో ఉన్న మిగతా అందరిలో ఎంతమందికి తెలుసని అడిగితే నలుగురు చేతులెత్తారు.

మాటలతో తేలదని పోయిన శుక్రవారం తెల్లవారుజామున ముగ్గురు పిల్లల్ని తీసుకొని ఒక గుట్ట ఎక్కాం. ఒకడికి నైలాన్ జర్కిన్, ఒకడికి ఫ్లీస్, ఒకడి భుజాన తాత పాత కంబళి. ముగ్గురిలో ఇద్దరు స్కందగిరికి రాత్రి పూట ట్రెక్కింగు వాళ్ళను తీసుకుపోయే పిల్లలు, ఎక్కడం వాళ్ళకు లెక్క కాదు. గంట ఎక్కాక కనుమలో గాలికి ఎదురుగా కూర్చోబెట్టాం. జర్కిన్ పిల్లవాడి బనియను పిండితే నీళ్ళు కారేట్టుంది, పావుగంటకే వణుకు. వాడు చెయ్యి కదిలించినప్పుడల్లా పదడుగుల దూరంలో ఉన్న మాకు వినబడింది. ఫ్లీస్ వాడు చప్పుడు చెయ్యలేదు, బనియనూ అంత తడవలేదు, కానీ గాలి నేరుగా ఎముకల్లోకి పోతోందన్నాడు. కంబళి వాడు భుజం నొప్పి అని దారంతా సణిగాడు. కొప్పె వేసుకున్నాక సణగడం ఆపేశాడు. అరగంట తర్వాత చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు! తాతకు చెబితే "మా కాలంలో అయితే వాడికి తన్నులు పడేవి" అన్నాడు.

ఇవన్నీ చూశాక కార్యవర్గం ముందు మేము పెట్టే మాట ఇది. 40 జర్కిన్లకు అనుకున్న డబ్బుతో 40 కంబళ్ళు రావు, అంత నేసేవాళ్ళు కూడా దగ్గర్లో లేరు. కనుమలో కూర్చునే పాత్ర వేసేవాళ్ళు 12 మందే. వాళ్ళకు కంబళ్ళు, కురుబ మగ్గం దగ్గరికే పోయి, వాళ్ళడిగిన ధరకు. తోలేవాళ్ళకు ముతక నూలు పంచె, రుమాలు చాలు. పారువేటకు కొత్త కంబళి బిర్రుగా ఉంటుంది కాబట్టి ఈ ఏడాదికి ఇళ్ళలో ఉన్న పాతవి అడిగి తెచ్చుకుందాం. కొత్తవి ఈ పన్నెండు మందీ ఇంటికి తీసుకుపోయి వాడాలి, వానలో తడపాలి, వచ్చే కనుమకు మెత్తబడాలి.

పెట్టెల్లో, అటకల మీద పాత కంబళి ఉన్నవాళ్ళు వచ్చే ఆదివారం సంఘం ఆఫీసుకు తెండి. చిమట తిన్నదైనా ఫరవాలేదు. ఎవరిది, ఏ ఊరి మగ్గం మీద నేసింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది చీటీ మీద రాసి కట్టండి. కొప్పె వేయడం తాత నేర్పిస్తానన్నాడు. ఉదయం పది లోపే రమ్మన్నాడు, ఎండ ఎక్కితే ఆయనకు ఓపిక ఉండదు.